కోళ్ల రైతు కలలో నాగుపాము

పిట్ట కొంచెం, కూత ఘనం అని మన పెద్దలు ఊరికే అనలేదు. అమెరికాలో కోళ్లు పెంచి దివాలా తీసిన ఒక రైతు అరవై ఏళ్ల కిందట కట్టించిన చిన్న కారుకు ఈ సామెత సరిగ్గా సరిపోతుంది. ఆ కారు బరువులో తేలిక, పరుగులో గట్టిది. ఆ రైతు పేరు కారల్ షెల్బీ. కారు పేరు కోబ్రా. కోబ్రా అంటే మన నాగుపామే. ఒక రాత్రి ఆ పేరు తనకు కలలో కనిపించిందని షెల్బీ చెప్పేవాడు.

ఆ నాగుపాములలో కొన్నింటిని ప్రత్యేకంగా ఒకే ఒక పందెం కోసం తయారుచేశారు. ఆ పందేన్ని డ్రాగ్ రేసు అంటారు. ఆ కార్లకు పెట్టిన పేరు డ్రాగన్‌స్నేక్.

బండలాగుడుకు తమ్ముడు

సంక్రాంతికి, శివరాత్రికి, తిరునాళ్లకు ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు చూడని వారు మన పల్లెల్లో ఉండరు. రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం, ఆరు పళ్ల విభాగం అంటూ గిత్తల వయసును బట్టి వర్గాలు చేస్తారు. ఇచ్చిన నిమిషాల్లో బండను ఎన్ని అడుగులు లాగింది అన్నదే లెక్క.

డ్రాగ్ రేసులో లెక్క తిరగబడుతుంది. ఇక్కడ దూరం ముందే ఖాయం. పావు మైలు, అంటే 1,320 అడుగులు. మన లెక్కలో 402 మీటర్లు. మలుపులు ఉండవు, బాట తిన్నగా ఉంటుంది. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. నిలువు స్తంభానికి ఉన్న దీపాలు ఒకటొకటిగా వెలిగి చివరకు పచ్చదీపం రాగానే రెండూ దూకుతాయి. ఈ దీపాల స్తంభం 1963లో వాడుకలోకి వచ్చింది. ముందు చేరినవాడు గెలిచినట్టు. పచ్చదీపం రాకముందే దూకినవాడు ఓడినట్టు.

ఇక్కడా బరువును, ఇంజను శక్తిని బట్టి కార్లకు వర్గాలు ఉంటాయి. కోడెను తీసుకువచ్చి ముదురు గిత్తతో పోటీ పెట్టనట్టే, చిన్న కారును పెద్ద ఇంజను కారుతో కలపరు.

ఐదు వేల లాభం, ఆపైన దివాలా

షెల్బీ 1923లో టెక్సాస్ రాష్ట్రంలోని లీస్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. చిన్నతనం నుంచే గుండె జబ్బు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమానం నడపడం నేర్పే శిక్షకుడిగా పనిచేశాడు. యుద్ధం అయ్యాక 1949లో మాంసం కోళ్ల పెంపకంలోకి దిగాడు. మొదటి దఫా కోళ్లకు 5,000 డాలర్ల లాభం వచ్చింది. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. ఆ ఊపులో రెండో దఫా వేశాడు. ఆ కోళ్లన్నీ మెడలు వాల్చి చచ్చిపోయాయి. షెల్బీ దివాలా తీశాడు.

అది మన రైతులకు తెలిసిన కొక్కెర రోగం కాదు. కుళ్లిన మేతలో, చచ్చిన కోళ్ల కళేబరాల్లో పుట్టే విషం వల్ల వచ్చే జబ్బు. ఆ కళేబరాల మీది పురుగులను తిన్న కోళ్లకు కూడా మెడ నరాలు చచ్చుబడతాయి. చచ్చిన కోడిని షెడ్డులో ఒక పూట కూడా ఉంచరాదని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

కోళ్లు పోయిన తరువాత అతడు కార్ల పందేల వైపు తిరిగాడు. ఒకసారి పొలం పని నుంచి నేరుగా పందేనికి వచ్చి, బట్టలు మార్చుకునే తీరిక లేక, చారల రైతు దుస్తులతోనే కారెక్కాడు. చూసినవాళ్లు నవ్వారు. పందెం అతడే గెలిచాడు. అప్పటి నుంచి ఆ రైతు దుస్తులే అతడికి గుర్తుగా నిలిచిపోయాయి. 1959లో ఫ్రాన్సులోని లెమాన్ అనే చోట జరిగే 24 గంటల పందేన్ని, రాయ్ సాల్వడోరీ అనే జోడీ డ్రైవరుతో కలిసి, ఆస్టన్ మార్టిన్ కారు మీద గెలిచాడు.

అయితే గుండె మళ్లీ తిరగబడింది. 1960లో నాలుక కింద గుండెనొప్పి మాత్ర పెట్టుకుని మరీ పందేలు నడిపాడు. ఆ ఏటితో డ్రైవరు సీటు దిగిపోయాడు. నడపలేనివాడు నడిచే బండిని కట్టాలనుకున్నాడు.

ఇంగ్లండు ఒళ్లు, అమెరికా గుండె

ఇంగ్లండులో ఏసీ అనే చిన్న కంపెనీ ఏస్ అనే రెండు సీట్ల కారును చేసేది. రెండు లావుపాటి గొట్టాల మీద చట్రం, దాని పైన చేత్తో సాగగొట్టిన అల్యూమినియం రేకు. మన ఇళ్లలో సత్తు గిన్నెలు ఏ లోహమో, ఆ కారు ఒళ్లు కూడా అదే లోహం. అందుకే అంత తేలిక. కాని ఆ కారుకు వాడే ఇంజను తయారీ ఆగిపోయే పరిస్థితి వచ్చింది.

ఈ సంగతి తెలిసిన షెల్బీ 1961లో ఏసీ కంపెనీకి ఉత్తరం రాశాడు. మీ కారులో అమెరికా ఇంజను పెడదామన్నాడు. అదే సమయంలో ఫోర్డ్ కంపెనీ ఎనిమిది సిలిండర్ల కొత్త ఇంజనును తెచ్చింది. పోత పలచగా పోయడంతో అది ఇనుపదే అయినా, ఆ కొలత ఇంజన్లలో చాలా తేలిక. 1962 ఫిబ్రవరిలో ఇంజను లేని కారు ఒకటి విమానంలో కాలిఫోర్నియా చేరింది. డీన్ మూన్ అనే మెకానిక్ షెడ్డులో ఎనిమిది గంటలు తిరగకుండానే ఇంజను బిగించారని చెబుతారు.

ఉన్నది ఒక్కటే కారు. పత్రికల వాళ్లు ఒకరి తరువాత ఒకరు నడిపి చూస్తామన్నారు. షెల్బీ ప్రతిసారీ దానికి కొత్త రంగు వేయించి పంపాడు. చాలా కార్లు తయారవుతున్నాయని లోకం నమ్మింది. రైతు బుర్ర అంటే అదే. ఆ మొదటి కారునే 2016లో వేలం వేస్తే 1 కోటి 37 లక్షల 50 వేల డాలర్లు పలికింది.

ఆ కారు శక్తి ఎంతటిదో తెలియాలంటే ఒకప్పుడు మన రోడ్లను ఏలిన అంబాసిడర్‌తో పోల్చి చూడవచ్చు. అంబాసిడర్ బరువు 1,100 కిలోలకు పైనే. దాని 1,489 సీసీ ఇంజను ఇచ్చేది సుమారు 50 గుర్రాల శక్తి. అంటే ఒక్కొక్క గుర్రం 22 కిలోలు లాగాలి. కోబ్రా బరువు సుమారు 950 కిలోలు. మొదట 4.3 లీటర్ల ఇంజను పెట్టారు. తరువాత వచ్చిన 4.7 లీటర్ల ఇంజను శక్తి 271 గుర్రాలు. అంటే ఒక్కొక్క గుర్రం మీద పడేది మూడున్నర కిలోలే. నాలుగు జంట కార్బొరేటర్లు బిగిస్తే శక్తి ఇంకా పెరిగేది.

దించిన ప్రతి కిలో లాభమే

పందెపు కారుకు శక్తి పెంచడం ఒక దారి, బరువు దించడం మరొక దారి. రెండో దారిలో ఖర్చు తక్కువ, బుర్ర ఎక్కువ. 1960లలో అమెరికా కంపెనీలు ఈ విషయంలో పడిన పాట్లు వింటే నవ్వు వస్తుంది.

పాంటియాక్ కంపెనీ 1963లో చట్రానికి జల్లెడలా బెజ్జాలు వేసింది. ఫోర్డ్ వారు 1964లో థండర్‌బోల్ట్ అనే కారుకు బానెట్టు, ముందు మడ్‌గార్డులు ఫైబర్‌గ్లాసుతో చేశారు. పక్క అద్దాలు తీసి ప్లాస్టిక్ పలకలు పెట్టారు. రేడియో లేదు, హీటరు లేదు. వాన తుడిచే పుల్ల డ్రైవరు వైపు ఒక్కటే ఉంచారు. డాడ్జి కంపెనీ 1968లో మరో అడుగు ముందుకు వేసి, రేకులను యాసిడ్‌లో ముంచి పలచన చేయించింది. తలుపు అద్దం ఎత్తే మర కూడా బరువేనని తీసేసి పట్టీ కట్టింది.

కోబ్రాకు ఈ తిప్పలు చాలా వరకు అక్కర్లేకపోయింది. అది పుట్టుకతోనే తేలిక. అప్పట్లో దానికి పోటీగా ఉన్న కార్వెట్ కారు దానికంటే దగ్గర దగ్గర 450 కిలోలు ఎక్కువ బరువు ఉండేది.

అసలు చిక్కు మరొకచోట వచ్చింది. ఎద్దుబండి తోలినవారికి ఈ చిక్కు తేలికగా అర్థమవుతుంది. బండిలో బరువు ముందుకు పడితే కాడి ఎద్దుల మెడను నొక్కుతుంది. వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది. సమంగా సర్దాలి. కారులో తోసేవి వెనుక చక్రాలు. వాటి మీద బరువు లేకపోతే అవి ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి తప్ప కారు కదలదు. బురద మడిలో దిగబడిన ట్రాక్టరు చక్రంలా ఉంటుంది వ్యవహారం. తేలిక కారుకు ఇదే శాపం.

అందుకని బ్యాటరీని ముందు నుంచి తీసి డిక్కీలో పెడతారు. కారు దూకేటప్పుడు ముక్కు కాస్త లేచి బరువు వెనుక చక్రాల మీదికి వెళ్లేలా స్ప్రింగులను, షాక్ అబ్జార్బర్లను సరిచేస్తారు. వెనుక వెడల్పాటి మెత్తని రబ్బరు టైర్లు వేస్తారు. వాటికి గాడులు ఉండవు, నున్నగా ఉంటాయి. ఎంత ఎక్కువ రబ్బరు నేలను తాకితే అంత పట్టు. పందేనికి ముందు ఆ చక్రాలను గిర్రున తిప్పి వేడిచేస్తారు. వేడెక్కిన రబ్బరు నేలకు బంకలా అంటుకుంటుంది.

డ్రాగన్‌స్నేక్‌కు ఇటువంటి టైర్లు, షాక్ అబ్జార్బర్లు, దూకుడు కోసం మార్చిన వెనుక గేర్లు, గాలి పీల్చే మూపురం ఉన్న బానెట్టు ఉండేవి. పందెపు కారులో క్లచ్ పళ్లెం పగిలితే ముక్కలు తూటాల్లా లేస్తాయి. అవి డ్రైవరు కాళ్లకు తగలకుండా దాని చుట్టూ దళసరి ఇనుప కవచం బిగించారు. బరువు దించడమే పనిగా పెట్టుకున్నవాళ్లు కూడా ఈ ఇనుమును మాత్రం వద్దనలేదు.

ఇటువంటి కార్లను షెల్బీ షెడ్డులో కట్టినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం ఏడున్నర అడుగులే కావడంతో అది కురచ బండి. పక్కకు జారితే అదుపు చేయడం కష్టం. వెనుక ఇరుసుల మీద ఒత్తిడి విపరీతం. అయినా 12 సెకన్లకు అటూ ఇటూగా పావు మైలు దాటేది. పెన్సిల్వేనియాకు చెందిన బ్రూస్ లార్సన్ ఇటువంటి కోబ్రాతో పందేలు ఆడి పేరు తెచ్చుకున్నాడు. అతడే తరువాత 1989లో ఫన్నీ కార్ అనే పెద్ద విభాగంలో జాతీయ చాంపియన్ అయ్యాడు.

రోడ్డు మీద నుంచి మైదానానికి

ఈ పందేలు పుట్టిన తీరు మన ఊళ్లకూ పనికివచ్చే సంగతి. యుద్ధం తరువాత అమెరికాలో కుర్రకారు పాత కార్లను చౌకగా కొని, ఇంజన్లు మార్చి, రాత్రిపూట రోడ్ల మీదనే పందేలు వేసుకునేవారు. ప్రాణాలు పోయేవి. పందెం ఆడేవారివే కాదు, దారిన పోయేవారివి కూడా.

పోలీసులు పట్టుకున్నారు, పత్రికలు తిట్టాయి. అయినా ఆగలేదు. అప్పుడు వాలీ పార్క్స్ అనే పత్రికా సంపాదకుడు 1951లో జాతీయ హాట్ రాడ్ సంఘాన్ని స్థాపించాడు. వద్దంటే మానని వాళ్లకు చోటు చూపించి నియమాలు పెట్టాలన్నది అతడి ఆలోచన. 1953 ఏప్రిల్‌లో ఆ సంఘం తొలి పోటీ పొమోనా అనే ఊళ్లో, జిల్లా తిరునాళ్ల మైదానం కార్లు నిలిపే స్థలంలో జరిగింది. మరుసటి ఏడాది సంఘం మనుషులు బండి కట్టుకుని ఊరూరా తిరిగారు. పందెం క్షేమంగా ఎలా జరపాలో నేర్పారు. యుద్ధం తరువాత ఖాళీగా పడి ఉన్న విమానాల బాటలు వీరికి కలిసివచ్చాయి.

మన పక్కనే ఉన్న షోలవరం కథ కూడా ఇటువంటిదే. తడ దాటి మద్రాసు వెళ్లే హైవే దగ్గర యుద్ధకాలంలో వేసిన విమానాల బాట అది. 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు అక్కడ కార్ల, మోటారు సైకిళ్ల పందేలు నడిపింది. తరువాత శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో సొంత ట్రాక్ వేసుకుంది.

మైదానంలోనూ ప్రమాదం లేకపోలేదు. 2008 జూన్‌లో స్కాట్ కలిటా అనే పేరొందిన డ్రైవరు పందెంలోనే మరణించాడు. నెల తిరక్కుండానే సంఘం అతివేగపు విభాగాలకు దూరాన్ని 1,320 అడుగుల నుంచి 1,000 అడుగులకు తగ్గించింది. ఒక ప్రాణం పోతే నియమం మారింది. రోడ్డు మీది పందెంలో పోయే ప్రాణానికి ఆ పాటి లెక్క కూడా ఉండదు.

మారిన గుండె

షెల్బీ కార్లు 1965లో ప్రపంచ జీటీ కార్ల తయారీదారుల చాంపియన్‌షిప్ గెలిచాయి. అమెరికాకు ఆ గౌరవం అదే మొదటిసారి. కాని షెల్బీ సొంత ఇంజను మాత్రం మొరాయిస్తూనే వచ్చింది. 1990లో ఆయనకు వేరొకరి గుండెను అమర్చారు. 1996లో కొడుకు ఒక మూత్రపిండం ఇచ్చాడు. బతికినందుకు బదులుగా, 1991లో గుండె జబ్బు పిల్లల వైద్యానికి సాయపడే సంస్థ ఒకటి పెట్టాడు. 2012 మే 10న 89వ ఏట కన్నుమూశాడు.

కోళ్లు చచ్చిన నాడు ఆ రైతు ఇక లేవడనే అందరూ అనుకుని ఉంటారు. గుండె ఆగబోయిన నాడూ అలాగే అనుకుని ఉంటారు. అక్కర్లేని బరువు దించుకున్నాడు, అవసరమైన ఇనుమును ఉంచుకున్నాడు. హైవే మీద మోటారు సైకిలు ముందు చక్రం లేపే మన కుర్రాళ్లు నేర్చుకోవలసింది ఈ రెండో ముక్క. తలకు హెల్మెట్ బరువు కాదు. అది క్లచ్ చుట్టూ ఉన్న ఇనుప కవచం వంటిది.