శైలీపరీక్ష – బాలపాఠకులకు మార్గము

శైలి యనఁగాఁ గవి పదములఁ గూర్చు తీరు. నన్నయ సంస్కృతప్రియుఁడనియుఁ, దిక్కన తెలుఁగు నుడికారమున మేటి యనియు బాలురు వినికిచేతఁ జెప్పుదురు. తిక్కన 13వ శతాబ్దమున మనుమసిద్ధి యాస్థానమున నెల్లూర వెలసినవాఁడు గావున, సమీపమందలి బుచ్చిరెడ్డిపాలెపు విద్యార్థుల కీమాట మఱింత ప్రియము. కాని పరీక్షింపని ప్రశంస విమర్శ కానేరదు.

పరీక్షకు ముందు సామ్యము వలయును. యుద్ధవర్ణనమును సంభాషణముతోఁ బోల్చినచోఁ గనఁబడు భేదము విషయమునదే కావచ్చును. అట్లే వృత్తమును వృత్తముతోడను, గందమును గందముతోడను జూడవలెను. ఉత్పలమాలపాదమున 20 అక్షరములు గలవు. కందమున బేసిపాదము 12 మాత్రలే. దీర్ఘసమాసమునకు రెంటను సమానమైన చోటు లేదు.

పిదపఁ బదేసి పద్యములు గైకొని నాలుగంశములు గుర్తింపవలయును: తత్సమదేశ్యముల పాలెంత, సమాసములు ఎంత దీర్ఘములు, క్రియ యెచట నిలిచినది, వాక్యము పాదాంతమున ముగిసినదా, ముందునకు సాగినదా.

ఇందులకు భారతమందలి యరణ్యపర్వమే తగిన యొరగల్లు. చతుర్థాశ్వాసమున శరద్వర్ణనమధ్యమున నన్నయ రచన నిలిచెను. 14వ శతాబ్దమున నెఱ్ఱన యా వర్ణనమునే కొనసాగించి, పర్వశేషమును రాజరాజనరేంద్రుని పేరనే ముగించెను. ఋతు వొక్కటి, కవు లిద్దఱు. ఎఱ్ఱనయు నచట సంస్కృతసమాసములను విరివిగా వాడెను. కావునఁ దత్సమములఁ జూచి మాత్రమే కవిని గుర్తింపరాదు. క్రియాస్థానమును వాక్యపు నడకను వెదకవలెను.

లెక్క ముగిసిన పిదపనే ప్రసన్నమనియో ప్రౌఢమనియో పేరిడఁదగును. ఆ లెక్క పెద్దలమాటకు భిన్నమైనను దాఁపరాదు. మఱి పది పద్యములు చూచి నిర్ణయింపవలెను.