బొడ్డుతాడు రక్తంలో వైరస్ ఉందా? ముందు తల్లి రక్తాన్ని అడగాలి

కాన్పు తర్వాత బొడ్డుతాడులో, మాయలో మిగిలే రక్తం మహా అయితే ఒక టీ గ్లాసెడు. చాలాచోట్ల అది మాయతోపాటే చెత్తలోకి పోతుంది. కానీ రక్తకణాలన్నింటినీ పుట్టించే మూలకణాలు అందులో ఉంటాయి. 1988లో పారిస్‌లో ఫాంకోనీ ఎనీమియా ఉన్న ఒక బాలుడికి, చెల్లెలు పుట్టినప్పుడు సేకరించి ఘనీభవింపజేసిన ఈ రక్తాన్నే ఎక్కించారు. అప్పటినుంచి లుకేమియా, తలసేమియా వంటి జబ్బుల్లోనూ దీన్ని వాడుతున్నారు.

దీన్ని ఎక్కించే ముందు రోగి ఎముక మజ్జను మందులతో దాదాపు ఖాళీ చేస్తారు. అంటే రోగనిరోధక శక్తి అడుగంటిన శరీరంలోకి ఈ రక్తం వెళుతుంది. కణాలు బతికుండాలి కనుక వేడితోనో రసాయనాలతోనో వైరస్‌లను చంపే వీలు లేదు. ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల చలిలో దాచినా లాభం లేదు. ఆ చలి మూలకణాలతోపాటు వైరస్‌లనూ భద్రంగా కాపాడుతుంది! మిగిలిన దారి పరీక్షే.

ఆ పరీక్ష ప్రధానంగా తల్లికి చేస్తారు. కాన్పుకు ఏడు రోజులు అటూఇటూగా తీసిన ఆమె రక్తంలో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, హెచ్‌టీఎల్‌వీ వైరస్‌ల జాడ వెతుకుతారు. బొడ్డుతాడు రక్తం కొంచెమే, మళ్లీ దొరకదు. పైగా తల్లి యాంటీబాడీలు మాయను దాటి బిడ్డకు చేరతాయి కనుక, బిడ్డ రక్తంలో అవి కనిపించినా ఎవరివో తేల్చలేం.

యాంటీబాడీలు తయారు కావడానికి వారాలు పడుతుంది. ఆలోపు పరీక్షిస్తే ఫలితం 'లేదు' అనే వస్తుంది. అందుకే వైరస్ జన్యుపదార్థాన్నే పట్టుకునే న్యూక్లిక్ ఆమ్ల పరీక్ష కూడా అవసరం. పీసీఆర్ పద్ధతిలో ప్రతి విడతకూ ఆ పదార్థం రెట్టింపవుతుంది. లెక్క ప్రకారం 30 విడతల్లో ఒక్క ప్రతి 100 కోట్లు దాటుతుంది.

అసలు చిక్కు సైటోమెగాలోవైరస్‌తో. మన దేశంలో పెద్దవాళ్లలో అత్యధికులకు ఇది ఎప్పుడో సోకి, శరీరంలో నిద్రాణంగా ఉంటుంది. యాంటీబాడీలున్న తల్లులందరి దానాలనూ తిరస్కరిస్తే బ్యాంకులు ఖాళీ అయిపోతాయి. అయితే గర్భంలోనే ఈ వైరస్ సోకే పిల్లలు కొద్దిమందే. కనుక తల్లి ఫలితాన్ని నమోదు చేసి, వైరస్ బిడ్డకు చేరిందా లేదా అన్నది పీసీఆర్‌తో చూడటమే సబబు. మార్పిడి తర్వాత ఈ వైరస్ ఇబ్బంది పెట్టినా, తరచుగా అది రోగి ఒంట్లో ముందునుంచీ ఉన్నదే. బొడ్డుతాడు రక్తంలోని టీ కణాలు ఏ వైరస్‌నూ ఎదుర్కొని ఎరగనివి కావడంతో దాన్ని అదుపు చేయడం ఆలస్యమవుతుంది.

ఈ రక్తం వాడకానికి ముందు ఏళ్ల తరబడి నిల్వ ఉండవచ్చు. ఈలోగా కొత్త వైరస్ తెరమీదికి వస్తే? 2016లో జికా విషయంలో అదే జరిగింది. గర్భంతో ఉండగా ఆ వైరస్ వ్యాపిస్తున్న ప్రాంతాల్లో నివసించిన, పర్యటించిన తల్లుల దానాలను తీసుకోవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సూచించింది. దాచే ముందే తల్లి ప్రయాణాల గురించి, వచ్చిన జ్వరాల గురించి అడిగేది ఇందుకే. రక్తం సంచితోపాటు తల్లి రక్త నమూనానూ చిన్న గొట్టాల్లో విడిగా భద్రపరుస్తారు, ఇంకా పేరు కూడా పెట్టని వైరస్ కోసం రేపు వెతకాల్సి రావచ్చని.