పాల బండికి అదనపు వైరింగు: ఫ్యూజు కాపాడేది తీగను

మన పాల సంఘాలలో చాలావాటికి సొంత బండి గాని, కిరాయి బండి గాని ఉన్నది. కంపెనీ నుండి వచ్చిన బండి వచ్చినట్లు ఎక్కడా ఉండదు. క్యాన్లు దించుకొనేందుకు వెనుక ఒక లైటు, తెల్లవారుజామున మంచులో దారి కనబడేందుకు ముందు రెండు లైట్లు, పాలు తోడే చిన్న పంపు, వెన్న శాతం చూసే యంత్రానికి ఒక ప్లగ్గు, ఇలా ఒక్కొక్కటి చేరుతూ ఉంటాయి. ఇవన్నీ అవసరమైనవే. కాని వీటికి తీగ ఎవరు లాగారు, ఎట్లా లాగారు అని అడిగే పాలకవర్గాలు తక్కువ.

కొన్ని సంవత్సరాల క్రితం ఒక సంఘం లెక్కలు తనిఖీ చేస్తుండగా, రెండు నెలలలో "బండి ఫ్యూజులు" అని నాలుగు వోచర్లు కనబడినవి. ఆ తరువాతి నెలల్లో ఒక్కటి కూడా లేదు. ఖర్చు తగ్గింది గదా అని నేనూ సంతోషించి సంతకం పెట్టాను. ఆ ఎండాకాలం ఒక సాయంత్రం పన్నెండు క్యాన్ల పాలతో వెళ్తున్న అదే బండి ముందు భాగం నుండి పొగ వచ్చింది. డ్రైవరు సమయానికి బ్యాటరీ తీగ ఊడదీశాడు గనుక మనుషులకు ప్రమాదం జరగలేదు. వేరే బండి దొరికి చిల్లింగ్ సెంటరుకు చేరేసరికి 480 లీటర్లూ విరిగిపోయినవి. మర్నాడు మూత తీసి చూస్తే ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టి ఉన్నది! ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదని ఎవరో చేసిన ఉపాయమది. నష్టం చివరకు బోనసులో కోతగా సభ్యుల మీదనే పడింది. అందులో ఒక్క గేదెతో సంసారం ఈదేవారు కూడా ఉన్నారు. ఆ నాలుగు వోచర్లు ఏదో చెబుతున్నాయని ఆనాడే నేను గ్రహించి ఉండవలసింది.

ఫ్యూజు ఎందుకు?

బండి బ్యాటరీ 12 వోల్టులే, ముట్టుకుంటే షాకు కొట్టదు. అందువల్ల దానితో ప్రమాదమేమీ లేదని చాలామంది అనుకొంటారు. ఇది పొరపాటు. తీగ మీది తొడుగు ఒరుసుకొని రాగి ఇనుముకు తగిలితే బ్యాటరీ ఒక్క క్షణంలో వందల ఆంపియర్ల కరెంటును వదలగలదు. అప్పుడు సన్నని తీగ హీటరు కాయిల్ లాగా ఎర్రగా కాలి, తొడుగును అంటిస్తుంది. అంతకు ముందే తాను కరిగి దారి తెంచడమే ఫ్యూజు పని. అనగా ఫ్యూజు ముఖ్యంగా కాపాడేది లైటును కాదు, తీగను.

ఈ మాట అర్థమైతే ఫ్యూజు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. కాలువకు తలుపు తూము దగ్గర ఉండాలి. చివరి మడి దగ్గర పెడితే, మధ్యలో గట్టు తెగినప్పుడు నీటిని ఆపేదెవరు? అట్లే ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరం లోపలనే ఉండాలి. లైటు దగ్గర పెట్టిన ఫ్యూజు మధ్యలోని తీగను కాపాడలేదు.

లెక్క చిన్నదే

వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 55 వాట్ల లైట్లు రెండు పెడితే 110 వాట్లు. 12తో భాగిస్తే 9 ఆంపియర్లకు కొంచెం పైన. దీనికి నాలుగో వంతు కలిపితే పదకొండున్నర. బజారులో దొరికే తరువాతి సైజు 15 ఆంపియర్ల ఫ్యూజు. తీగ ఆ 15 ఆంపియర్లను వేడెక్కకుండా మోయగలిగి ఉండాలి. దీనికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ తగినది. ఫ్యూజు ఎప్పుడూ తీగ శక్తికి లోబడి ఉండాలి గాని మించరాదు.

సన్న తీగ వల్ల మరో నష్టమున్నది. ఇవే లైట్లకు 1 చదరపు మిల్లీమీటరు తీగను పోను 5 మీటర్లు, రాను 5 మీటర్లు లాగితే దారిలోనే ఒకటిన్నర వోల్టుకు పైగా పోతుంది. లైటు మసకబారుతుంది, తీగ వేడెక్కుతుంది. 2.5 తీగలో పోయేది అర వోల్టుకు కొంచెం పైన మాత్రమే. పంపు మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కంటె ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. కాబట్టి దానికి తయారీదారు చెప్పిన ఫ్యూజునే, దానికి తగిన తీగతో వాడవలెను.

నేటి బిళ్ళ ఫ్యూజులకు రంగు గుర్తులున్నవి: 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. నీలం పోతే నీలమే పెట్టాలి. పసుపు పెడితే పని నడుస్తుంది, కాని కాపలా సన్నగిల్లుతుంది.

రిలే, రెడీమేడ్ సెట్లు

లైట్ల కరెంటునంతా డాష్‌బోర్డు స్విచ్చి గుండా పంపితే స్విచ్చి కాలిపోతుంది. అందుకు రిలే వాడాలి. మామూలు రిలే మీద 30 అన్న కాలు ఫ్యూజు గుండా బ్యాటరీకి, 87 లైటుకు వెళ్తాయి. 85, 86 లోపలి కాయిల్‌కు చెందినవి. స్విచ్చి నడిపేది ఆ కాయిల్‌ను మాత్రమే గనుక దాని మీద బరువు స్వల్పం.

రిలే, ఫ్యూజు, తీగలు కలిపి కట్టిన వైరింగు సెట్లు బజారులో దొరుకుతున్నవి. కొనేముందు తీగ కొన కొద్దిగా ఒలిచి చూడండి. పైకి లావుగా ఉన్నా లోపల రాగి సన్నగా ఉండవచ్చు, లేదా అల్యూమినియానికి రాగి పూత పూసి ఉండవచ్చు. కంపెనీ వైరును మధ్యలో కోసి కరెంటు తీసుకోవడం ఎంతమాత్రం తగదు.

తీగ నడిచే దారి

ఇనుప రేకు రంధ్రం గుండా తీగ దూరిన ప్రతిచోట రబ్బరు బుష్ ఉండాలి. తీగ సైలెన్సరుకు, స్టీరింగుకు, బ్రేకు గొట్టాలకు దూరంగా స్లీవు లోపల నడవాలి. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు వేడికి, కుదుపుకు వదులవుతుంది. సరియైన లగ్గు వేసి గట్టిగా నొక్కించాలి. ఎర్తు తీగ బిగించే చోట రంగు గీకి, మెరిసే ఇనుము మీద బోల్టు బిగించాలి.

పాల బండికి ప్రత్యేకంగా ఒక జాగ్రత్త. ఒలికిన పాలు పులిసి ఆమ్లమై రాగిని, లగ్గులను తినివేస్తాయి. రోజూ కడిగే నీరు తోడవుతుంది. కాబట్టి అతుకులు క్యాన్ల మట్టానికి పైన ఉండాలి. పాల వాసనకు ఎలుకలూ వస్తాయి. నెలకొకసారి తీగలు చూడాలి.

పాలకవర్గం చేయవలసినవి

1. అదనపు వైరింగు పనిని తెలిసిన ఆటో ఎలక్ట్రీషియను చేతనే చేయించండి. ఏ లైటుకు ఏ ఫ్యూజో కాగితం మీద వ్రాయించి ఫ్యూజు పెట్టె మూతకు అంటించండి.

2. పనికి ముందు బ్యాటరీ నెగటివ్ తీగ మొదట తీయాలి, చివర తగిలించాలి.

3. బండిలో సరియైన ఫ్యూజులు అదనంగా, మంటలార్పే సిలిండరు ఒకటి ఉంచండి.

4. బండి బాడీ మార్చే ముందు రవాణా శాఖ కార్యాలయంలో విచారించండి. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు తేడా వచ్చే మార్పులను 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిషేధిస్తున్నది. బీమా కంపెనీకి కూడా తెలియజేయడం మంచిది.

5. ఫ్యూజు ఒకసారి పోతే మార్చండి. రెండవసారి పోతే బండి ఆపి కారణం వెదకండి.

ఇప్పుడు నేను తనిఖీకి వెళ్ళినప్పుడు లెక్కల పుస్తకం కంటె ముందు బండి ఫ్యూజు పెట్టె మూత తీసి చూస్తున్నాను. సభ్యులు కూడా పాలు పోసి తిరిగి వెళ్ళేటప్పుడు ఒకసారి ఆ మూత తీయించి చూడవచ్చును. ఆ బండిలో వెళ్ళేది మీ పాలే గదా!