నిద్రలో కేకలు వేయు పసివారు

పుష్యమాసమున ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో తేరును, అంగళ్లను, రంగులరాట్నమును చూచుచు అర్ధరాత్రి దాక మేలుకొన్న నాలుగేండ్ల బిడ్డ, ఇల్లు చేరి నిద్రించిన గంటన్నరకే దిగ్గున లేచి కూర్చుండి, వాడ దద్దరిల్లునట్లు కేకవేయుట కలదు. కన్నులు తెరచియే యుండును గాని తల్లిని గుర్తింపవు. మేనెల్ల చెమటలు పట్టును. రొమ్ముపై చేయి యుంచినచో గుండె దడదడ కొట్టుకొనుట తెలియును. ఎత్తుకొనబోయినచో పెనుగులాడి త్రోసివేయును. కొన్ని నిమిషములకు తనంతట తానే ఒరిగి నిద్రించి, తెల్లవారిన పిమ్మట ఆ సంగతియే యెరుగక ఆడుకొనుచుండును.

"పిల్లోడు జడుసుకున్నాడు" అని పెద్దలు దిష్టి తీయుదురు, తాయెత్తు కట్టింతురు. పసివారి అంతుబట్టని బాధలకు సుశ్రుతసంహిత తొమ్మిది బాలగ్రహములను చెప్పినది. రోజర్ బ్రౌటన్ అను వైద్యుడు 1968లో 'సైన్స్' పత్రికయందు, నిద్రలోని ఈ కేక స్వప్నజనితము కాదనియు, గాఢనిద్ర నుండి మెదడు అసంపూర్ణముగ మేలుకొనుటయే దీనికి మూలమనియు ప్రతిపాదించెను. గుండెయు, కాలుసేతులును, కంఠమును మేలుకొనును. గుర్తించునదియు జ్ఞప్తియందుంచుకొనునదియు నగు భాగము నిద్రించుచునే యుండును. కావున ఆ రాత్రి మనసున నిలిచిపోవు భయము చూచినవారిదే గాని బిడ్డది కాదు. పీడకల వేరు, అది తెల్లవారుజామున వచ్చును, బిడ్డ పూర్తిగ మేలుకొని తల్లిని కరచుకొని కలను చెప్పును.

నిద్ర కరవైన కొలది మరునాటి గాఢనిద్ర మరింత చిక్కబడును, ఈ కేకలకు అవకాశమును పెరుగును. జ్వరమును, వంశానుగత లక్షణమును తోడుపడును. ఆదోని ప్రాంతమునుండి గుంటూరు మిరపచేలకు వలసపోవు కుటుంబములలో, గుడారములయందు వేళ తప్పి నిద్రించు పిల్లల నిద్రలేమిని తలచినపుడు నా మనసు కలుక్కుమనును.

కేకవేయు బిడ్డను కుదుపరాదు, ముఖమున నీళ్లు చల్లరాదు. దెబ్బ తగులకుండ ప్రక్కన నుండిన చాలును. వేసవిలో పిట్టగోడ లేని మిద్దెపై అట్టి బిడ్డను పరుండబెట్టుట ప్రాణాపాయము. మూడు మొదలు అయిదేండ్ల వారికి పగటి కునుకుతో కలిపి 10 నుండి 13 గంటల నిద్ర కావలెను. ప్రతిరాత్రియు ఒకే వేళకు కేక వచ్చుచున్నచో, అంతకు 15 నుండి 30 నిమిషములు ముందుగ మెల్లగ లేపి మరల నిద్రపుచ్చుట, కొన్ని వారములపాటు సాగించిన, పలువురకు గుణమిచ్చును. పెద్దగ గురకపెట్టి నిద్ర చెడు బిడ్డ టాన్సిళ్లను వైద్యునికి చూపింపవలెను. ఒకే రాత్రి కేకలు పలుమార్లు వచ్చినను, కాలుసేతులు కొయ్యబారినను, ఒకే తీరున కొట్టుకొనినను మూర్ఛయేమో విచారింపవలసియుండును గనుక, సెల్‌ఫోనులో ఆ దృశ్యమును చిత్రించి పిల్లల వైద్యునికి చూపుట మేలు.