షికాగో చూపు మొక్కజొన్న పీచు మీద

2012 జులై. అమెరికాలోని ఇలినాయ్, ఇండియానా, అయోవా రాష్ట్రాల్లో మొక్కజొన్న చేలు పూతకొచ్చి నిలబడ్డాయి. వాన జాడ లేదు. చాలాచోట్ల పగటి ఎండ 38 డిగ్రీలు దాటుతోంది. అంత విస్తారమైన కరువును ఆ దేశం 1950ల తర్వాత చూడలేదు. కోతలకు ఇంకా రెండు మూడు నెలల గడువుంది, బజారులోకి కొత్త గింజ ఒక్కటీ రాలేదు. అయినా షికాగో ఫ్యూచర్స్ మార్కెట్లో మొక్కజొన్న ధర రోజురోజుకూ పైకి లేచింది. జూన్ మధ్యలో బుషెల్ 5 డాలర్ల చుట్టూ ఉన్న డిసెంబరు ఒప్పందం ఆగస్టు 10న 8.49 డాలర్లను తాకింది. బుషెల్ అంటే మొక్కజొన్న లెక్కలో 25.4 కిలోలు.

ఆ ఎనిమిది వారాల్లో ఏం జరిగిందో తెలియాలంటే ముందు మొక్కను చూడాలి. మొక్కజొన్నకు మగ పూత కొసన, ఆడ పూత నడుమున ఉంటాయి. కండె కొస నుంచి వేలాడే పీచులో ఒక్కో పోగు, లోపల గింజగా మారాల్సిన ఒక్కో అండానికి అతుక్కుని ఉంటుంది. పుప్పొడి రేణువు ఆ పోగు మీద పడి, దాని పొడవునా దారి చేసుకుంటూ అండాన్ని చేరితేనే అక్కడ గింజ కడుతుంది. ఒక చేలో పుప్పొడి ప్రధానంగా రాలేది వారం, పది రోజులే. పీచు సాగడానికి నీళ్లు బాగా కావాలి. నేల ఎండితే పీచు ఆలస్యంగా బయటికొస్తుంది, మగ పూత మాత్రం దాదాపు తన వేళకే విచ్చుకుంటుంది. పీచు వచ్చేసరికి పుప్పొడి అయిపోతుంది. ఇక ఆ తర్వాత ఎన్ని వానలు కురిసినా గింజ కట్టని చోట కొత్తగా కట్టదు. అందుకే జులైలో షికాగో వ్యాపారులు పొద్దున లేచి మొదట చూసేది ధరల పట్టిక కాదు, వాతావరణ పటం. అమెరికా వాతావరణ నమూనా రోజుకు నాలుగుసార్లు కొత్త అంచనా ఇస్తుంది. వచ్చే పది రోజుల్లో అయోవా మీదికి మేఘం వస్తుందని అది చెబితే ధర తగ్గుతుంది, తర్వాతి అంచనాలో ఆ మేఘం మాయమైతే మళ్లీ లేస్తుంది.

మామిడి పూత మీద ఉండగానే తోటను వ్యాపారికి అమ్మేసే పద్ధతి మనకు తెలిసిందే. ఫ్యూచర్స్ ఒప్పందంలోనూ సరుకు చేతికి రాకముందే ధర ఖాయమవుతుంది. తేడా ఏమిటంటే, 1848లో పుట్టిన షికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ ఆ ఒప్పందానికి ఒకే కొలత, ఒకే నాణ్యత, ఒకే అప్పగింత నెల పెట్టి, చేతులు మారేలా చేసింది. ఒక ఒప్పందం 5,000 బుషెళ్లు, అంటే 127 టన్నుల మొక్కజొన్న. కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ ముందుగా కొంత సొమ్ము మార్జిన్‌గా కడతారు. ప్రతి సాయంత్రం ఆనాటి ధరను బట్టి లాభం ఒకరి ఖాతాలో పడుతుంది, నష్టం ఇంకొకరి ఖాతాలోంచి పోతుంది. రైతు, ధాన్యం గోదాము (ఎలివేటర్) యజమాని, కోళ్ల దాణా కంపెనీ ధర భయం నుంచి తప్పుకోవడానికి ఇక్కడికి వస్తారు. ఆ భయాన్ని లాభం కోసం నెత్తికెత్తుకునేవాళ్లు స్పెక్యులేటర్లు. వీళ్లందరి అంచనాలూ కలిసి ఒక అంకెగా తేలుతాయి. పంట పొలంలో ఉండగానే ఆ అంకె మారుతుండడంలో మోసమేమీ లేదు. పంట గురించి తెలిసేది మారుతున్నప్పుడు ధర మారకుండా ఉంటేనే అనుమానించాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. కరువు వస్తే ధర పెరుగుతుందని ఎవరైనా చెబుతారు. ఎంత పెరుగుతుంది? దీనికి జవాబు ఆకాశంలో లేదు, గోదాముల్లో ఉంది.

1988లోనూ అమెరికాలో భయంకరమైన కరువు వచ్చింది. ఎకరాకు 120 బుషెళ్లు పండిన చేలలో ఆ ఏడాది సగటున 85 బుషెళ్లే వచ్చాయి. శాతాల్లో చూస్తే 2012 కంటే అది తేలికైన దెబ్బేం కాదు. 2012 వేసవి మొదట్లో అమెరికా వ్యవసాయ శాఖ ఎకరాకు 166 బుషెళ్లు, మన లెక్కలో 42 క్వింటాళ్లు వస్తుందని అంచనా కట్టింది. చివరికి వచ్చింది 123 బుషెళ్లు, 31 క్వింటాళ్లు. రెండుసార్లూ పావు వంతుకు పైగా దిగుబడి పోయింది. కానీ 1988లో మొక్కజొన్న ధర 4 డాలర్లు దాటలేదు. కారణం, ఆ ఏడాది కొత్త పంట వచ్చే నాటికి పాత నిల్వలు 426 కోట్ల బుషెళ్లు ఉన్నాయి. ఆరు నెలలకు పైగా దేశమంతా వాడుకోవడానికి సరిపడేంత. 2012 సెప్టెంబరు 1 నాటికి పాత నిల్వలు సుమారు 99 కోట్ల బుషెళ్లు. అవి నెల రోజులకు కూడా సరిగ్గా చాలవు. 1988లో కరువు మిగులును తినేసింది. 2012లో తినడానికి మిగులే లేదు.

మరి ఆ మిగులు ఎటు పోయింది? వాన దాన్ని కరిగించలేదు, వాడకం కరిగించింది. 2005, 2007 సంవత్సరాల్లో అమెరికా తెచ్చిన చట్టాలు పెట్రోలులో కలిపే జీవ ఇంధనానికి కనీస పరిమాణం నిర్ణయించాయి. దాంతో ఇథనాల్ కర్మాగారాలు వరుసగా లేచాయి. 2011 నాటికి అవి ఏడాదికి దాదాపు 500 కోట్ల బుషెళ్ల మొక్కజొన్న తీసుకుంటున్నాయి. అంటే ఆ దేశపు పంటలో సుమారు 40 శాతం. అందులో మూడో వంతు పిప్పిగా, పశువుల దాణాగా తిరిగి వస్తుందన్నది నిజమే. అయినా అంత పెద్ద కొత్త గిరాకీ కొద్ది ఏళ్లలోనే పాత గిరాకీ పక్కన వచ్చి కూర్చుంది. వాతావరణం ధరను ఒక్క వారంలో కుదుపుతుంది కాబట్టి అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి. గిరాకీ ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా నిల్వలను పలచబరుస్తుంది. నా దృష్టిలో 2012 ధర కథ మొదలైంది ఆ జులైలో కాదు, 2005లో.

నిల్వ లేనప్పుడు ధర అంత ఎత్తుకు ఎందుకు పోతుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. కూరగాయల ధర పెరిగితే ఇంటివాళ్లు ఆ పూట ఇంకోటి వండుకుంటారు. కోళ్లకూ పందులకూ రేపటి దాణా మానిపించలేం. చట్టం ఉన్నంత కాలం ఇంధన కంపెనీలూ ఇథనాల్ మానలేవు. తేలిగ్గా వెనక్కి తగ్గేవాళ్లు లేరు గనుక, ఎవరో ఒకరు తప్పనిసరిగా తగ్గేదాకా ధర పెరుగుతూనే ఉండాలి. 2012లో అలా తగ్గినవాళ్లు ముఖ్యంగా విదేశీ కొనుగోలుదారులు. ఆ పంట సంవత్సరంలో అమెరికా మొక్కజొన్న ఎగుమతులు అంతకు ముందటేడాదిలో సగానికి పడిపోయాయి. కొన్ని ఇథనాల్ కర్మాగారాలు మూతపడ్డాయి. పశుపోషకులు మందలు తగ్గించుకున్నారు. 8.49 డాలర్లన్నది వీళ్లను బజారు నుంచి బయటికి పంపిన ధర.

ఇంకో విశేషం. ఆ శిఖరం వచ్చింది ఆగస్టు 10న, సరిగ్గా వ్యవసాయ శాఖ పంట అంచనాను 123 బుషెళ్లకు కోసేసిన రోజున. అంతటి చెడ్డ వార్త వచ్చిన రోజే ధర శిఖరాన్ని తాకి వెనక్కి తిరిగింది. వార్త చెడ్డదే, కానీ అప్పటికే ధరలో ఉన్నది. కొత్తగా భయపడడానికి ఏమీ మిగల్లేదు. ఈ అంచనాలకు అక్కడ ఎంత విలువంటే, 1905లో పత్తి లెక్కలు ముందే బయటికి పొక్కిన కుంభకోణం తర్వాత వాటిని తాళం వేసిన గదుల్లో, బయటితో మాట్లాడే వీలు లేకుండా తయారు చేస్తారు.

అదే కరువు సోయా చిక్కుడును వేరుగా తాకింది. సోయా మొక్క వారాల తరబడి పూస్తుంది. ఒక విడత పూత రాలినా మరో విడతకు అవకాశం ఉంటుంది. దాని దిగుబడి తేలేది ఆగస్టులో, కాయ ఊరే సమయంలో. సెప్టెంబరు మొదటి వారంలో సోయా ధర బుషెల్ 17.94 డాలర్ల రికార్డుకు చేరింది. కానీ ఆగస్టు చివర్లో కురిసిన వానలు చాలా చేలను కొంత నిలబెట్టాయి. ఎకరాకు 36 బుషెళ్లే వస్తాయని ఆగస్టులో భయపెట్టిన పంట చివరికి 40 దగ్గర తేలింది. ఆ సంగతి తెలుస్తున్న కొద్దీ ధర దిగింది. ఒకే ఆకాశం కింద, పక్కపక్క చేలలో, రెండు పంటల ధరలు రెండు దారులు పట్టడానికి కారణం వాటి పూత తీరు.

వాతావరణమే గిరాకీగా మారిన సందర్భం కూడా ఉంది. 1972లో బలమైన ఎల్ నినో వచ్చి పెరూ తీరంలో సముద్రం వేడెక్కింది. అప్పటికే విచ్చలవిడిగా పట్టేసిన ఆంకోవీ చేపలు కుప్పకూలాయి. 1970లో 1.2 కోట్ల టన్నులు దాటిన వేట 1973కి సుమారు 20 లక్షల టన్నులకు పడిపోయింది. ఆ చేపల పొడి ప్రపంచమంతటా కోళ్లకూ పందులకూ మాంసకృత్తుల దాణా. అది దొరకక అందరూ సోయా పిండి మీద పడ్డారు. అదే కాలంలో సోవియట్ యూనియన్ పంట దెబ్బతిని అమెరికా ధాన్యాన్ని భారీగా కొనుక్కుపోయింది. 1973 జూన్‌లో షికాగోలో సోయా 12.90 డాలర్లకు ఎక్కింది. ఆ రికార్డు 2008 దాకా చెక్కుచెదరలేదు. సొంత ప్రజల ఆగ్రహానికి జడిసి నిక్సన్ ప్రభుత్వం జూన్ 27న సోయా ఎగుమతులను ఆపేసింది. సోయా లేనిదే గడవని జపాన్ ఆ దెబ్బను మరచిపోలేదు. బ్రెజిల్‌లోని సెరాడో గడ్డి మైదానాలను సోయా పొలాలుగా మార్చే పనికి డబ్బూ సాంకేతిక సాయమూ అందించింది. ఈనాడు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సోయా పండించే దేశం బ్రెజిల్.

ఆ బ్రెజిల్ వల్లే 2023లో పెద్ద ప్రమాదం తప్పింది. పసిఫిక్ చల్లబడే లా నినా మూడేళ్లు సాగి కరువు తేవడంతో అర్జెంటీనా సోయా పంట మామూలులో సుమారు సగానికి, 2.5 కోట్ల టన్నులకు పడిపోయింది. సోయా పిండి ఎగుమతిలో అర్జెంటీనాదే మొదటి స్థానం కాబట్టి షికాగోలో పిండి ధర ఎగిరింది. గింజ ధర మాత్రం 2012 శిఖరానికి చేరలేదు. అదే ఏడాది బ్రెజిల్‌లో 15 కోట్ల టన్నులు దాటి రికార్డు పంట వచ్చింది. ఉత్తరార్ధ గోళంలో అక్టోబరు, దక్షిణార్ధంలో మార్చి అంటూ ఏడాదికి రెండుసార్లు సోయా చేతికి రావడం ప్రపంచానికి నిల్వ లాంటి మేలే చేస్తోంది.

గిరాకీ దెబ్బ ఎలా ఉంటుందో 2018 చూపించింది. ప్రపంచ వాణిజ్యంలోకి వచ్చే సోయాలో సుమారు 60 శాతం చైనాయే కొంటుంది. జులై 6న చైనా అమెరికా సోయా మీద 25 శాతం అదనపు సుంకం వేసింది. ఆగస్టులో అక్కడి పందులకు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ సోకింది, దాణా వాడకమే తగ్గింది. అమెరికాలో ఆ ఏడాది వానలకు లోటు లేదు. మేలో 10 డాలర్ల పైన ఉన్న ధర సెప్టెంబరుకు 8.50 లోపుకు జారింది. అదే సమయంలో బ్రెజిల్ రేవుల్లో సోయాకు షికాగో ధర మీద అదనంగా చెల్లించి మరీ ఓడలు నింపుకున్నారు.

మన దగ్గర 2021 ఆగస్టులో సోయా ధర క్వింటాలుకు 10 వేల రూపాయలు దాటింది. ఆదిలాబాద్ వైపు సోయా రైతుకు అది మంచి కబురే, కానీ దాణా ధర మోయలేక కోళ్ల పరిశ్రమ కేంద్రాన్ని ఆశ్రయించింది. కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా పిండి దిగుమతికి అనుమతించింది. ఆ డిసెంబరులో సెబీ సోయా, ఆవాలు, ముడి పామాయిల్, గోధుమ, వరి, శనగ, పెసర ఫ్యూచర్స్‌ను నిలిపివేసి, ఆ నిషేధాన్ని పొడిగిస్తూ వచ్చింది. రెండు నెలలకే ఉక్రెయిన్ యుద్ధం మొదలై నూనెల ధరలు ఆకాశాన్నంటాయి. ఇక్కడ వాయిదా వ్యాపారం ఆగినంత మాత్రాన అవి ఆగలేదు. దేశానికి కావలసిన వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంటే ధర పామాయిల్ ఫ్యూచర్స్ నడిచే కౌలాలంపూర్‌లో తేలక తప్పదు. ఆ నిషేధం ధరను ఆపలేదు, ధరకు కాపు కాసుకునే వీలును తీసేసింది.

ధర బయటి దేశాల్లో తేలడంలోని బరువు ఏలూరు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల పామాయిల్ రైతులకు బాగా తెలుసు. వాళ్ల గెలల ధర నెలనెలా ముడి పామాయిల్ ధరను, గెలలో వచ్చే నూనె శాతాన్ని బట్టి లెక్కగడతారు. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపింది, మే 23న మళ్లీ వదిలింది. ఆ వేసవిలో ఇక్కడ టన్ను గెలలు 20 వేల రూపాయలు దాటి, కొన్ని నెలల్లోనే బాగా పడ్డాయి. అశ్వారావుపేట తోటలో ఆ ఏడాది ఏ చెట్టూ మారలేదు.

పామాయిల్ చెట్టు కరువుకు స్పందించే తీరు మొక్కజొన్నకు పూర్తిగా వ్యతిరేకం. నీటి ఎద్దడి వచ్చిన వారంలో దాని మీద ఏమీ కనిపించదు. గెల కోతకు రెండేళ్ల ముందే అది మగ పూతా ఆడ పూతా అన్నది చెట్టు లోపల తేలుతుంది. ఎండిన కాలంలో మగ పూతలు పెరుగుతాయి. కొన్ని ఆడ పూతలు లోపలే ఎండిపోతాయి. 2015 ఎల్ నినో ఆ డిసెంబరుకు ముదిరితే, మలేషియా నూనె ఉత్పత్తి 2016లో 2 కోట్ల టన్నుల నుంచి 1.73 కోట్లకు పడింది. కాబట్టి పసిఫిక్ వేడెక్కిందన్న వార్త వచ్చినప్పుడు పామాయిల్ వ్యాపారులు చూసేది వచ్చే ఏడాది గెలలను. బోరు నీటితో డ్రిప్పు పెట్టిన మన తోటలు ఆ ఎద్దడిని కొంత తప్పించుకుంటే, అక్కడ గెల తగ్గి ధర పెరిగిన నెలల్లో ఇక్కడ అమ్ముకోవడానికి గెల ఉంటుంది. అయితే అదే ఎల్ నినో మన నైరుతి వానలనూ తగ్గించి, ఆ బోర్లకు నీళ్లు చేరనివ్వకపోవచ్చు. ఏటా జూన్‌లో రైతుల మనసు బోర్ల మీద ఉంటుంది, వ్యాపారుల చూపు పసిఫిక్ మీద ఉంటుంది. ఇద్దరూ కనిపెడుతున్నది ఒకే సముద్రపు వేడిని.