పాత ఫోటోలు – కాపీరైటు: సంఘ చరిత్ర వ్రాయువారికి కొన్ని వివరములు

సంఘ శతజయంతి సంచికలు సిద్ధపరచు సేవకులు, సిద్ధాంత వ్యాసములు వ్రాయు విద్యార్థులు మమ్ములను తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. మిషనరీల కాలపు ఫోటోను అచ్చువేయుటకు ఎవరి అనుమతి కావలెను? "అంత పాతది ఎవరి సొత్తూ కాదు" అని కొందరు, "మా ఆల్బములో ఉన్నది గనుక మాదే" అని మరికొందరు అందురు. ఈ రెండు మాటలూ చాలవు. దొంగతనమును గూర్చిన ఎనిమిదవ ఆజ్ఞ (లూథరన్ సహోదరుల లెక్కలో ఏడవది) ఫోటోలకును వర్తించును గనుక, దీనిని కొంత శ్రద్ధగా చూచెదము.

మొదట గ్రహింపవలసినది, ఫోటో కాగితము వేరు, దానిపై కాపీరైటు వేరు. కాగితము మన బీరువాలో ఉన్నంత మాత్రమున ప్రచురణ హక్కు మనకు రాదు.

ఒక ఉదాహరణ తీసుకొందము. వి.ఎస్. అజరయ్య గారు 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కథీడ్రల్‌లో బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆ దినమున తీసిన ఫోటో ఒకటి 1913లో మన దేశపు మిషను పత్రికలో అచ్చయినదని అనుకొందము. అజరయ్య గారు మరణించిన 1945 నుండి లెక్కకట్టువారు ఉన్నారు గాని, ఫోటోలో ఉన్న వ్యక్తి మరణముతో ఈ లెక్కకు సంబంధము లేదు. ఆనాటి బ్రిటిషు చట్టము (1911 నాటిది) ప్రకారము నెగెటివు తయారైనప్పటి నుండి 50 సంవత్సరములు హక్కు ఉండెను. 1958 జనవరి 21న అమలులోనికి వచ్చిన మన 1957 చట్టము, ప్రచురించిన మరుసటి సంవత్సరారంభము నుండి 50 సంవత్సరములు అన్నది. ఏ లెక్కన చూచినను 1963 ముగియునాటికి ఆ హక్కు తీరిపోయెను. ఆ గడువును 60కి పెంచిన 1992 సవరణ గాని, ఫోటోగ్రాఫరు జీవితకాలము, ఆపైన 60 ఏండ్లు అని మార్చిన 2012 సవరణ గాని తీరిపోయిన హక్కును తిరిగి బ్రతికించలేదు.

కాబట్టి తేదీయే ప్రధానము. ఫోటో వెనుక ప్రక్క తప్పక చూడవలెను. స్టూడియో ముద్ర, చేతివ్రాత, అట్టపై పేరు ఏదైనను పనికివచ్చును. అయితే క్రింద వ్రాసిన సంవత్సరము తరువాతి కాలములో తీసిన ప్రతిది కావచ్చును. పాత మిషను నివేదికలలో అదే చిత్రము కనబడినయెడల ప్రచురణ సంవత్సరము నిశ్చయముగా తెలియును.

చిక్కంతయు ఇటీవలి ఫోటోలతోనే. 1970లో జరిగిన దేవాలయ ప్రతిష్ఠ ఫోటో అదే ఏట సావనీరులో అచ్చయినయెడల, తక్కువలో తక్కువ 2030 చివరి వరకు దానికి రక్షణ ఉన్నది. ఆ హక్కు ఎవరిది? సంఘము డబ్బిచ్చి స్టూడియో వారిచేత తీయించినయెడల, వేరే ఒప్పందము లేనప్పుడు, 17వ సెక్షను ప్రకారము మొదటి హక్కుదారు సంఘమే. సంఘ సభ్యుడొకడు ప్రేమతో ఉచితముగా తీసినయెడల హక్కు అతనిది, అతని తరువాత వారసులది. మన సంఘములలో ఈ రెండవ రకమే ఎక్కువ. పాత రసీదు పుస్తకములను పారవేయకుండుట మంచిది.

సంచికను ఇంటర్నెట్‌లో పెట్టినయెడల ఇతర దేశముల చట్టములు కూడ అడ్డువచ్చును. అమెరికాలో ప్రచురణమై 95 ఏండ్లు గడిచినవి స్వేచ్ఛగా వాడవచ్చును. 1914లో న్యూయార్కులో వెలువడిన క్లౌ దొరగారి స్వీయచరిత్ర ఈ కోవలోనిదే. బ్రిటనులో మాత్రము ఫోటోగ్రాఫరు మరణించిన తరువాత 70 ఏండ్లు సాధారణ నియమము. 1960లో మరణించినవాని చిత్రమునకు అక్కడ 2030 చివరి వరకు హక్కు ఉండవచ్చును.

విదేశీ ఆర్కైవుల నుండి స్కాన్ ప్రతులు తెప్పించుకొనువారు మరియొక సంగతి గమనింపవలెను. కేవలము శ్రమకు కాపీరైటు రాదని, కొంతైనను సృజన ఉండవలెనని మన సుప్రీం కోర్టు 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో తీర్పిచ్చెను. దానినిబట్టి ఉన్నదున్నట్లు చేసిన స్కానుకు క్రొత్త హక్కు పుట్టదని వాదించుటకు బలమున్నది. కాని ఆర్కైవు వారి షరతులకు మనము సంతకము చేసినయెడల అది ఒప్పందము. కాపీరైటు తీరిపోయినను ఆ సంతకమునకు కట్టుబడవలసినదే. ఫారము పంపక ముందే ప్రతి షరతును చదువుకొని, ఎన్ని ప్రతులు అచ్చువేయుదుమో, ఇంటర్నెట్‌లో పెట్టుదుమో లేదో అందులో స్పష్టముగా వ్రాయవలెను.