పరిశోధన సంస్థలు, ప్రజావిధానం: దారిద్ర్యరేఖ కథ

తెల్ల రేషన్ కార్డు ఎవరికి ఇవ్వాలి, ఎవరికి తీసేయాలి అన్న వాదన మీ ఊళ్లోనూ మీరు వినే ఉంటారు. ఆ వాదన వెనక 'దారిద్ర్యరేఖ' అనే భావన ఉంది. దాన్ని ఏ ఎన్నికల సభా నిర్ణయించలేదు. ఆర్థికవేత్తలు లెక్కగట్టారు.

రాజకీయ పార్టీలకు ఓట్లుంటాయి, ఒత్తిడి బృందాలకు ధర్నాలుంటాయి. పరిశోధన సంస్థ చేతిలో ఉండేది కొలత. ఆ కొలతను ప్రభుత్వం అంగీకరించిందంటే, ఆ తర్వాత ప్రతిపక్షం కూడా అదే కొలతతో వాదించాల్సి వస్తుంది.

1962లో ప్రముఖ ఆర్థికవేత్తల బృందమొకటి మనిషికి నెలకు 20 రూపాయలు కనీస అవసరమని చెప్పింది. విద్య, వైద్యం ప్రభుత్వమే చూసుకుంటుందని భావించి ఆ ఖర్చులను ఇందులో చేర్చలేదు. ఈ విషయం గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

పుణెలోని గోఖలే సంస్థ 1930లో ఏర్పడింది. దాని తొలి సంచాలకులు డి.ఆర్. గాడ్గిల్ 1967లో ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షులయ్యారు. సంస్థ ఆలోచన ప్రభుత్వంలోకి చేరే దారుల్లో ఇదొకటి: మనిషే వెళ్లడం. రెండో దారి అచ్చులో వచ్చే లెక్క. ఆ సంస్థకే చెందిన వి.ఎం. దండేకర్, నీలకంఠ రథ్ 1971లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో తమ అధ్యయనాన్ని ప్రచురించారు. రోజుకు 2250 కేలరీల ఆహారం అందే స్థాయిలో మనిషి నెల ఖర్చు 1960-61 ధరల్లో పల్లెలో 15 రూపాయలు, పట్టణంలో 22.50 అని తేల్చారు. గ్రామీణుల్లో దాదాపు 40 శాతం, పట్టణవాసుల్లో 50 శాతం ఆ స్థాయికి దిగువన ఉన్నారు.

అదే ఏడాది ఎన్నికల్లో 'గరీబీ హటావో' నినాదం మోగింది. వ్యాసం వల్లే నినాదం పుట్టిందని జవాబు పత్రంలో రాస్తే పొరపాటు. అయితే పేదలు ఎందరన్న ప్రశ్నకు అప్పటికి ఒక అంకె సిద్ధంగా ఉంది. పేదలకు ప్రభుత్వ పనుల ద్వారా ఉపాధి కల్పించాలని కూడా వారు సూచించారు. 1972 కరవులో మహారాష్ట్ర ఉపాధి హామీ మొదలుపెట్టింది. దేశవ్యాప్త చట్టం 2005లో వచ్చింది. దాని అమలు 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. ఈ వరుసలో ఉద్యమాల పాత్ర, రాజకీయ నాయకుల పాత్ర చిన్నవి కావు.

మరి ఈ కొలత నిష్పాక్షికమైనదేనా? అధ్యయనానికి ఫోర్డ్ ఫౌండేషన్ ఆర్థిక సాయం చేసింది. అంతమాత్రాన లెక్క తప్పని కాదు. కానీ డబ్బు ఎవరిదని అడగడం పాఠకుడి హక్కు. మనుషుల కేలరీల అవసరం ఒకేలా ఉండదనీ, సగటును గీటురాయి చేస్తే పేదల సంఖ్య ఎక్కువగా కనిపిస్తుందనీ పి.వి. సుఖాత్మే విభేదించారు. ఆయన మాటే చెల్లి ఉంటే, కడుపు నిండని మనుషులు అలాగే ఉండి, కాగితం మీద పేదలు మాత్రం తగ్గేవారు. ఇక విద్య, వైద్యం ఖర్చులను లెక్కలోకి తెచ్చిన టెండూల్కర్ నివేదిక 2009లో గానీ రాలేదు.

అభ్యాసం: మీ ఇంటి నెల ఖర్చులో తిండి, మందులు, చదువులకయ్యే మొత్తాలను విడివిడిగా రాయండి. తిండి ఒక్కటే చూస్తే మీ ఇల్లు పేదదా? మూడూ కలిపి చూస్తే?